తొలివరుసలో దొంగసారథి

నేమిపురి కోటవాకిలి దగ్గర ఆగిన ఉప్పుబండ్లలో చివరిదాని మీద కూర్చున్నవాడికి ఉప్పు వ్యాపారంలో ఓనమాలు తెలియవు. ఇది ఏ తీరంలో పండిన ఉప్పని కావలివాడు అడిగితే నీళ్లు నమిలాడు. ముందు బండివాడు జాలిపడి జవాబు చెప్పాడు కాబట్టి సరిపోయింది. మాసిన తలపాగా చుట్టి, ముఖానికి బూడిద పులుముకుని, తన పేరు చిన్నప్ప అని చెప్పుకుంటున్న ఆ మనిషి తరంగిణీ రాజ్యపు యువరాజు హయగుప్తుడు. రథం తోలడంలో అతనికి సాటి వచ్చేవాడు చుట్టుపక్కల నాలుగు రాజ్యాల్లో లేడు. ఆ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే అతని చెల్లెలు కువలయ ఈ సాయంకాలానికి రాయైపోతుంది.

నేమిపురి అందమైన ఊరే. నల్లని నునుపురాతి ప్రాకారాలు, వాటి మీద రాగిరేకులు తొడిగిన బురుజులు, వీధికొక పాలరాతి తోరణం, ప్రతి తోరణం మీదా బారులు తీరి పరుగెత్తే గుర్రాల శిల్పాలు, ఆ గుర్రాల కళ్లలో పొదిగిన కెంపులు. సంపెంగతోటల మీదుగా వచ్చే గాలికి వీధులన్నీ పరిమళిస్తాయి. కానీ తలెత్తి ఇళ్ల గుమ్మాలు చూసినవాడికి ఆ పరిమళం పట్టదు. గుమ్మానికి విరిగిన రథచక్రం వేలాడుతూ ఉంటే ఆ ఇంటివాళ్లెవరో పందెంలో పోయారని గుర్తు. హయగుప్తుడు ఒక్క వీధిలో పదిహేడు చక్రాలు చూశాడు. ఒక గుమ్మానికి మూడు చక్రాలున్నాయి. ఆ ఇంటికి తాళం పెట్టి ఉంది.

ఊరి నడుమ చెరగొయ్యి. దాని లోతు ఎంతో కొలిచినవాడు లేడు. అంచు వెంబడి గుండ్రంగా రథాల బాట. బాటకు బయటివైపు జనం కూర్చునే రాతిమెట్లు, లోపలివైపు గోడ లేదు, కట్ట లేదు, గొయ్యే. ఆ గోతికి యజమాని కాకజంఘుడనే మాంత్రికుడు. మోకాళ్ల దాకా మనిషి, ఆ కింద కాకి కాళ్లు. ఏటా సంతరోజున ఊరి మీద నల్లని వల విసిరి ఏడుగురిని పట్టుకుపోయి ఇనుపగంపలో గోతిలోకి దించుతాడు. ఏడేళ్లు నిండిన బందీలు రాళ్లవుతారు. ఆ రాళ్లతో అడుగున తనకో మేడ కట్టుకుంటున్నాడు. నేమిపురి సేన అతని మీదికి రెండుసార్లు వెళ్లింది, హయగుప్తుడి తండ్రి సేన ఒకసారి వచ్చింది. ఆ మూడు సేనలూ ఇప్పుడు ఊరి బయట చీమలపుట్టలై ఉన్నాయి. వానలు పడి మన్ను కరిగినప్పుడు పుట్టల్లోంచి కత్తిమొనలు కనిపిస్తాయి.

ఇంతటి దుర్మార్గుడికీ రథపందేలంటే పిచ్చి. ఆ పిచ్చి వల్లే ఊరికి ఒక్క వెసులుబాటు దొరికింది. ఏటా సంతకు ముందురోజున పందెం జరగాలి, గెలిచినవాడు ఎవరి పేరు చెబితే ఆ ఒక్క బందీ పైకి రావాలి. పూర్వం పందెంలో వరుసలు గుర్రాల లెక్కన ఉండేవి. ఒంటిగుర్రపు రథాలు ఒక వరుస, జోడుగుర్రాలవి ఒక వరుస, నాలుగు గుర్రాలవి మరో వరుస. పగ్గాలు పట్టిన చెయ్యి ఎలాంటిదని ఎవరూ అడిగేవారు కారు. దాంతో కలవారు పేరుమోసిన సారథులను పెట్టి తమవాళ్లను విడిపించుకునేవారు. పెళ్లాం కోసమో బిడ్డ కోసమో అదే వరుసలో నిలబడ్డ నేతగాడు మొదటి మలుపులోనే ఆ సారథుల చక్రాల కింద పడేవాడు.

మూడేళ్ల కిందట రాణి మాధవిక ఆ పద్ధతి మార్పించింది. వరుసలు గుర్రాలను బట్టి కాదు, సారథి నేర్పును బట్టి ఉండాలంది. తొలివరుస చేతకానివాళ్లది, నడివరుస కాస్త తెలిసినవాళ్లది, పెద్దవరుస ఆరితేరినవాళ్లది. బందీని విడిపించే హక్కు తొలివరుసకే ఇచ్చి, మిగిలిన రెంటికీ బిరుదులూ శాలువలూ పెట్టింది. కాకజంఘుడు ఈ మార్పుకు అడ్డు చెప్పలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఎందుకో అప్పుడెవరూ ఆలోచించలేదు.

నేర్పు కొలిచేది నీటికుండతో. అంచు దాకా నీళ్లు నింపిన కుండను రథం పలక మీద పెట్టి బాట చుట్టూ ఒకసారి తోలుకు రావాలి. వచ్చేసరికి సగానికి మించి నీళ్లు మిగిలితే తొలివరుసలో చోటు లేదు. కావాలని ఒలకబోసుకునేవాడు ఉంటాడేమోనన్న అనుమానం ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు. నేమిపురిలో బండి మీద నీళ్లు ఒలికించుకోవడమంటే నలుగురిలో తలవంపులు. నడక వచ్చిన పిల్లలకు పాలచెంబు చేతికిచ్చి, బండెక్కించి, చుక్క కింద పడకుండా దింపడం అక్కడ ప్రతి ఇంట్లోనూ చేసే పనే. అలాంటి ఊళ్లో తన పరువు తానే తీసుకునేవాడు ఎవడుంటాడని వాళ్ల ధీమా. పొరుగూరివాడికి ఆ పట్టింపు ఉండదన్న సంగతి వాళ్లు మరిచిపోయారు.

తీరా రథమెక్కాక మన యువరాజుకు వచ్చిన చిక్కు వేరు. పాపం, అతనికి చెడ్డగా తోలడం చేతకాదు. మలుపు వచ్చేసరికి చేతులు వాటంతటవే పగ్గాలు సర్దేవి, కుండ నిద్రపోతున్నట్టు కదలకుండా కూర్చునేది. సగం బాట దాటినా చుక్క ఒలకలేదు. చివరికి తిన్నని బాట మీద, ఎవరూ చూడని చోట, కాలితో ఆ కుండను వెనక్కి వంచాడు. బాట చివర దిగినప్పుడు నీళ్లు పావువంతు కూడా లేవు. రాయసగాడు ముఖం చిట్లించి ఉప్పు చిన్నప్ప, తొలివరుస అని రాసుకున్నాడు. మెట్ల మీద ఎవరో పకపక నవ్వారు. ఇంత తియ్యని అవమానం తన జన్మలో ఎరగడు.

అయితే పరీక్షాధికారి బొల్లన నవ్వలేదు. నలభయ్యేళ్లు పెద్దవరుసలో తోలిన వృద్ధసారథి, ఇప్పుడు చూపు మసకబారింది. అతను గుర్రాల మెడలు నిమిరాడు, వంగి రథం పలకలన్నీ చేత్తో తడిమాడు, తర్వాత చిన్నప్పను గడ్డివాముల చాటుకు పిలిచాడు. కుండ ఎక్కడ ఒలికిందని అడిగితే హయగుప్తుడు మలుపుల్లోనే అన్నాడు, చెయ్యి తిరగలేదని బుకాయించాడు.

"మలుపులో ఒలికితే పక్కపలకలు తడుస్తాయి నాయనా," అన్నాడు బొల్లన. "నీ రథంలో వెనక పలక ఒక్కటే తడిసింది. గుర్రాల మెడల మీద ఒక్క పగ్గపు ఒరిపిడి కూడా లేదు. ఎవరు నువ్వు?"

హయగుప్తుడి చెయ్యి నడుములోని బాకు మీదికి పోయింది. ముసలివాడు అది గమనించి కూడా కదల్లేదు. ఆ నిబ్బరం చూసి యువరాజు సిగ్గుపడ్డాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఏడేళ్ల కిందట చెల్లెలు చెలికత్తెలతో ఈ ఊరి సంతకు గాజుల కోసం వచ్చి వలలో చిక్కిందనీ, సేన పుట్టలైపోయాక తండ్రి ఇన్నేళ్లూ తనను పొలిమేర దాటనివ్వలేదనీ, ఈ సూర్యాస్తమయానికి ఏడేళ్లూ నిండుతాయనీ, పెద్దవరుసలో గెలిస్తే శాలువ తప్ప చెల్లెలు రాదు కాబట్టి ఈ దొంగపనికి ఒడిగట్టాననీ అన్నాడు.

బొల్లన గడ్డిపరక ఒకటి లాగి నోట పెట్టుకున్నాడు. ఆ తర్వాత తన గోడు వెళ్లబోసుకున్నాడు. రాణి మనసు వెన్నలాంటిదేనట, కానీ ఆమె చేసిన పని తప్పట. వరుసలు కలిసి ఉన్నప్పుడు ఏడాదికి ముగ్గురో నలుగురో పడేవారు. విడదీశాక మొదటి ఏడు అయిదుగురు, మరుసటి ఏడు ఏడుగురు, పోయినేడు తొమ్మండుగురు పడ్డారు. ఎవరూ ఎవరినీ తొక్కలేదు, తమంతట తామే నాగులమలుపు దగ్గర బారుగా గోతిలోకి పోయారు. ఈ మాట చెప్పుకుందామని రెండుసార్లు సభకు పోతే, కలవారి కొమ్ము కాస్తున్నాడని తనను గెంటేశారు.

"చేతకానివాణ్ణి చేతకానివాళ్ల మధ్యనే వదిలేస్తే, వాడు ఎవర్ని చూసి నేర్చుకుంటాడు?" అన్నాడు. "నేను నా గురువు చక్రపు జాడ చూసి నేర్చాను. నువ్వు ముందు తోలు. వేగం తగ్గించి తోలు. నీ జాడలో నడిస్తే ఆ పదకొండు మందీ బతికి బట్టకడతారు. చివరి చుట్టులో నీ దారి నువ్వు చూసుకో. నేను నోరు విప్పను."

హయగుప్తుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. మంచివాళ్లిద్దరు కలిసి గడ్డివాముల చాటున కుదుర్చుకున్న ఆ ఒప్పందం ఎంత చేటు తెచ్చిందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. కానీ చెప్పక తప్పదు.

మధ్యాహ్నం గుర్రపుసాలలో అతనికి ఒక ఆడమనిషి తారసపడింది. గుర్రానికి ఎదురుగా నిలబడి, కళ్లెం పట్టుకుని, ముందుకు అడుగు వెయ్యలేక చెమటలు కక్కుతోంది. పేరు చెంగల్వ, కుమ్మరి. పరీక్షకు వాడే కుండలన్నీ ఆమె చేసినవే. తన కుండలోనే తన నీళ్లు పూర్తిగా ఒలకబోసుకున్నానని చెప్పి నవ్వింది. ఆ నవ్వులో భయం దాగలేదు. ఆమె మొగుడు కొమ్మనకూ ఈ సాయంత్రంతోనే ఏడేళ్లు నిండుతాయి. మూడేళ్లుగా పందెంలో నిలబడదామనుకుని, బాట అంచు దాకా వచ్చి, గుర్రాలను చూసి వెనక్కి పోయిందట. ఇక ఈ ఏడు వెనక్కి పోవడానికి వీల్లేదు.

హయగుప్తుడు ఆమె గుర్రాలకు కళ్లేలు వేసి ఇచ్చాడు. పగ్గాలు వేళ్ల మధ్య ఎలా ఇరికించుకోవాలో చూపించాడు. ముందువాడి చక్రపు జాడ వదలకుండా రమ్మన్నాడు, ముందువాడు ఎడమచెయ్యి ఎత్తితే ప్రాణం మీదికి వచ్చిందని గుర్తనీ వెంటనే ఆగిపోవాలనీ చెప్పాడు. అడగకూడదనుకుంటూనే, వరుసలు విడదీసినందువల్ల ఎక్కువమంది పోతున్నారట కదా అని అడిగాడు.

"పోతున్నామన్నా," అంది చెంగల్వ. "కానీ పడితే మా చేతకానితనంతో మేం పడుతున్నాం. ఇదివరకు పక్కవాడి నేర్పు మమ్మల్ని పడేసేది. గెలిచిన ముగ్గురూ మాలాంటివాళ్లే. పోయినేడు చేపలమ్మే మనిషి తన కూతుర్ని తెచ్చుకుంది. పూర్వమైతే దాని కూతురి పేరు గోతి దగ్గర పలికేవాడెవడు?"

మొగుడితో పాటు ఆ రోజు ఎవరెవరు వలలో పడ్డారో ఆమె వేళ్లు ముడుస్తూ చెప్పింది. ఆ ఏడుగురిలో ఒక రాచపిల్ల కూడా ఉందనీ, చేతినిండా కొత్తగాజులతో ఏడ్చుకుంటూ వలతో పాటు పైకి లేచిపోయిందనీ, పాపం ఆ పిల్ల కోసం ఇన్నేళ్లూ ఎవరూ రథం తోలలేదనీ అంది. హయగుప్తుడు గుర్రం డెక్క చూస్తున్నట్టు వంగి ముఖం దాచుకున్నాడు. అప్పుడే అతను వరుస మార్చుకుని ఉండవలసింది. ఆ ఆలోచన వచ్చింది కూడా. చెల్లెలి గాజులు గుర్తొచ్చి దాన్ని తోసేశాడు.

సూర్యుడు పడమటికి వాలాక నగారా మోగింది. పన్నెండు జోడుగుర్రాల రథాలు కదిలాయి. మూడు చుట్లు తిరగాలి. గోతికి ఆవలి ఒడ్డున, నల్లరాతి గద్దె మీద కాకజంఘుడు కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. అతని పక్కన గిలకకు గొలుసుతో ఇనుపగంప వేలాడుతోంది. రాణి మాధవిక మేడ మీద గవాక్షం దగ్గర నిలబడింది. ఏటా ఆ కిటికీ తెర వేసే ఉంటుందట, ఈ ఏడు ఎందుకో తీయించింది.

మొదటి చుట్టులో హయగుప్తుడు అన్నమాట నిలబెట్టుకున్నాడు. ముందు తనే ఉండి, గుర్రాలను బిగబట్టి, బాట బయటి అంచున లోతైన జాడ వేసుకుంటూ పోయాడు. నాగులమలుపు అంటే పడగ తిప్పిన పాములా ఉన్నట్టుండి లోపలికి విరిగే చోటు. అక్కడ అతను మలుపుకు ఇరవై బారల ముందే వేగం తగ్గించాడు. వెనకవాళ్లు తిట్టుకుంటూనే తగ్గించారు. పన్నెండు రథాలూ ఒకదాని వెనక ఒకటి మలుపు తిరిగి ఇవతలికి వచ్చాయి. మెట్ల మీద జనం లేచి నిలబడ్డారు. తొలివరుస మొత్తం ఆ మలుపు దాటడం వాళ్లు ఎన్నడూ చూడలేదు. బొల్లన కళ్లు తుడుచుకున్నాడు.

కాకజంఘుడికి ఇది నచ్చలేదు. రెండో చుట్టులో అతను గద్దె మీంచి లేచి కాలిగోటితో గాలిని గీరాడు. గోతిలోంచి నల్లటి పొగ బుసకొడుతూ లేచింది, పొగలోంచి ఇనుపరెక్కల గబ్బిలాలు గుంపుగా వచ్చి గుర్రాల కళ్ల మీద పడ్డాయి. గుర్రాలు బెదిరి వెనక్కాళ్ల మీద లేచాయి. ఒక నేతగాడి రథం పక్కకు ఒరిగి చేపలవాడి రథాన్ని గుద్దింది, చక్రంలో చక్రం ఇరుక్కుంది, రెండూ కలిసి గొయ్యి వైపు జారడం మొదలుపెట్టాయి. హయగుప్తుడు వెనుతిరిగి చూశాడు. తన రథాన్ని నడిబాటలో గిర్రున తిప్పి, ఆ రెంటి మధ్యకు ఎదురు తోలి, నొగతో ఇరుక్కున్న చక్రాన్ని పొడిచాడు. చక్రపు ఆకులు ఒకటి రెండు ఫెళ్లున విరిగి రెండు రథాలూ విడిపోయాయి. చేపలవాడు అంచుకు మూరెడు దూరంలో ఆగాడు. యువరాజు తలపాగాలు విప్పి గుర్రాల కళ్లకు గంతలు కట్టమని అరుస్తూ మళ్లీ రథం తిప్పుకుని అందరినీ దాటి ముందుకు పోయాడు.

ఉప్పు అమ్ముకునేవాడు ఆ పని చెయ్యలేడని మెట్ల మీద పసిపిల్లలకు కూడా తెలిసిపోయింది. గుసగుసలు మొదలయ్యాయి. కాకజంఘుడు మాత్రం తలవంచి, రెక్క తెగిన గబ్బిలాన్ని చేతిలోకి తీసుకుని, చిరునవ్వు నవ్వాడు.

మూడో చుట్టు. సూర్యుడు పడమటి బురుజుకు జానెడు ఎత్తున ఉన్నాడు. బొల్లనకు ఇచ్చిన మాట అయిపోయిందనుకున్నాడు హయగుప్తుడు. పగ్గాలు వదిలాడు. గుర్రాలు విల్లు విడిచిన బాణాలయ్యాయి. ఈ వేగానికి వెనక ఎవరూ మిగలరనుకుని ఒక్కసారి తల తిప్పాడు. పదిమంది చాలా దూరంలో ఉన్నారు. చెంగల్వ మాత్రం రెండు రథాల ఎడంలో ఉంది.

ఆమె రెండు చుట్లలో నేర్చుకుంది. కుమ్మరిసారె ముందు బతికిన మనిషి, తిరిగేదాన్ని చేత్తో కనిపెట్టడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. అతను ఎక్కడ ఒరిగితే అక్కడ ఒరుగుతోంది, అతను పగ్గం లాగినచోట లాగుతోంది. కళ్లు అతని చక్రం మీంచి మరలడం లేదు. భయం ఎటో పోయింది. బొల్లన చెప్పిందంతా నిజమేనని హయగుప్తుడికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసి సంతోషించాడు కూడా. ఆ సంతోషాన్ని తలుచుకుని తర్వాత చాలాకాలం తనను తాను క్షమించుకోలేకపోయాడు.

నాగులమలుపు ముందు కాకజంఘుడు కాలితో నేలను తన్నాడు. మలుపులో బాట లోపలి సగం పెళపెళ విరిగి గోతిలోకి కూలిపోయింది. మిగిలింది ఒక చక్రానికి మాత్రమే సరిపడే దారి. అలాంటి దారి దాటాలంటే ఒకటే ఉపాయం. సారథి ఒళ్లంతా బయటివైపుకు వేసి, లోపలి చక్రాన్ని గాల్లోకి లేపి, ఒంటిచక్రం మీద రథాన్ని నడిపించాలి. రెండు చేతులా పగ్గాలు పట్టకపోతే అది కుదరదు. ఆ విద్య హయగుప్తుడికి వచ్చు. ఏళ్ల తరబడి ఇసుకదిబ్బల మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు.

వెనక వస్తున్న మనిషికి అది రాదు. ఎడమచెయ్యి ఎత్తితే ఆమె ఆగుతుంది. ఎత్తడానికి వ్యవధి ఉంది. కానీ చెయ్యి ఎత్తితే పగ్గం పోతుంది, పగ్గం పోతే అతనూ ఆగాలి, ఆగితే ఇద్దరూ ఆగినట్టే, సూర్యుడు మాత్రం ఆగడు. చెయ్యి ఎత్తలేదు. కళ్ల ముందు చెల్లెలు తప్ప మరేమీ లేదు. నొగ మీద కాలు తన్ని, బయటికి వేలాడి, లోపలి చక్రాన్ని లేపి ఆ ఒంటిదారి దాటాడు.

చెంగల్వ అతని జాడ వదలలేదు. అతను ఒరిగినట్టే ఒరిగింది. కాలు ఎక్కడ తన్నాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రథం అంచున తిరగబడింది, గుర్రాలతో సహా గోతిలోకి పోయింది. ఆమె మాత్రం ఎగిరి రాతిమెట్లకు తల తగిలి బాట మీద పడిపోయింది. వెనక వచ్చిన పదిమందీ ఆమెను చూసి ఆగిపోయి బతికారు.

హయగుప్తుడు గెలిచాడు. అతను రథం దిగి వెనక్కి పరుగెత్తేసరికి బొల్లన ఆమె పక్కన చతికిలబడి ఉన్నాడు, అప్పటికే ప్రాణం పోయింది. ఎవరో గుర్రపుకంబళి తెచ్చి కప్పారు. ముసలివాడు అతని వైపు తలెత్తలేదు.

"గెలిచినవాడా, పేరు చెప్పు," అని కాకజంఘుడు గద్దె మీంచి పిలిచాడు. "పొద్దు పోతోంది."

హయగుప్తుడు గోతి అంచుకు నడిచాడు. ఏడేళ్లుగా నిద్రలో కూడా పలవరించిన పేరు నాలుక చివర ఉంది. ఈ గెలుపు తనది కాదు. తను ఈ ఊరు రాకుంటే ఈ రోజు ఈ అంచున నిలబడేది ఎవరో అతనికి స్పష్టంగా తెలుసు. చెల్లెలి కోసం గోతిలో దిగడానికి తనున్నాడు, కొమ్మన కోసం దిగడానికి ఇక ఎవరూ లేరు. అలా దిగినవాడెవడూ తిరిగి రాలేదన్న సంగతీ అతనికి తెలుసు.

"కుమ్మరి కొమ్మన," అన్నాడు.

గొలుసు గలగలా దిగింది, చాలాసేపటికి పైకి వచ్చింది. గంపలోంచి దిగిన మనిషి వెలుతురుకు కళ్లు మూసుకున్నాడు. గడ్డం బొడ్డు దాకా పెరిగింది, పాదాలు అప్పటికే బూడిదరంగు తిరిగి ఉన్నాయి. కొంచెం తేరుకుని, చెంగల్వ ఏదని అడిగాడు. జనం తలలు దించుకున్నారు. అతను ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చి, కంబళి దగ్గర ఆగి, దాన్ని తొలగించి చూశాడు. పక్కనే కూర్చుని ఆమె గోళ్లలోని మట్టిని బొటనవేలితో తీయడం మొదలుపెట్టాడు.

"దీనికి గుర్రాలంటే భయం," అన్నాడు. "మట్టిబండికి గాడిదను కట్టాలన్నా నన్నే పిలిచేది. దీన్ని రథం ఎవరు ఎక్కించారు?"

హయగుప్తుడు అతని ముందు మోకరిల్లాడు. "నీ కోసం తనే ఎక్కింది. నా వెనకాల నా జాడలో వచ్చింది. నేను సారథినన్న సంగతి దాచి ఈ వరుసలో నిలబడ్డాను. ఆగమని చెయ్యి ఎత్తి ఉంటే బతికేది. ఎత్తలేదు."

కొమ్మన కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆ మనిషి తలెత్తి అతని ముఖం వైపు చూశాడు, ఆ చూపులో కోపం కూడా లేదు.

"ఏడేళ్లు దీని ముఖం తలుచుకునే కింద బతికాను," అన్నాడు. "మరి నన్నెందుకు పైకి తెచ్చావు?"

మెట్ల మీంచి భటులు దిగుతున్నారు, దొంగసారథిని పట్టుకోండని ఎవరో ఆజ్ఞాపించారు. ఆవల కాకజంఘుడి కింకరులు ఖాళీగంపను గిలకకు కట్టేయబోతున్నారు. బురుజు మీద సూర్యుడు సగమే మిగిలాడు. యువరాజు లేచి పరుగెత్తాడు. భటుల చేతుల కింది నుంచి దూరి, కింకరుల్లో ఒకణ్ణి భుజంతో గుద్ది, మరొకడి చేతిలోని మీట తన్ని, గంపలోకి దూకాడు. గొలుసు నిప్పులు కక్కుతూ జారింది. ఆపవద్దు, పోనీయండని కాకజంఘుడు నవ్వుతూ చెప్పడం పైనుంచి వినబడింది.

గోతి లోపలి గోడలు మామూలు రాళ్లు కావు. ఒకరి భుజాల మీద ఒకరుగా పేర్చిన మనుషులు, చేతులు పైకెత్తినవాళ్లు, బిడ్డలను పొదువుకున్నవాళ్లు, నోళ్లు తెరిచినవాళ్లు. వాళ్ల కళ్లలో స్ఫటికాలు పొదిగి ఉన్నాయి. పైనుంచి పడే ఎర్రని వెలుతురు ఆ స్ఫటికాల్లో ఒక్కొక్క అంతస్తే ఆరిపోతూ వస్తోంది. అడుగున నేల చల్లగా, అద్దంలా నున్నగా ఉంది. గంప దబ్బున తాకింది. అతను చెల్లెలిని పేరు పెట్టి పిలిచాడు. గాజుల చప్పుడు వినబడింది.

కువలయ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పదిహేనేళ్ల పిల్లగా పోయింది, ఇరవై రెండేళ్ల మనిషై ఉంది. అన్నను గుర్తుపట్టి చేతులు చాచింది గాని అడుగు ముందుకు వెయ్యలేదు. అతను ఆమెను పొదివి పట్టుకుని గంప వైపు ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. మోకాళ్ల దాకా రాయి. ఆ రాయి నేలతో ఒకటైపోయింది, అతని చేతుల కింద వేలెడు వేలెడు పైకి పాకుతోంది.

పైన గిలక తిరగడం మొదలైంది. గొలుసు బిగిసింది.

"అన్నా, గంప పోతోంది," అంది కువలయ. "నువ్వెక్కు."

హయగుప్తుడు బాకు దూసి ఆమె పాదాల చుట్టూ నేలను పొడవసాగాడు. గంప అతని భుజానికి తగిలి పైకి లేచింది. అతను దాన్ని పట్టుకోలేదు.